యుద్ధం అనకండి మంత్రిగారూ

రక్షణశాఖ పగ్గాలు చేతికొచ్చినందుకు అభినందనలు. పొరుగుదేశంతో పాత లెక్క తేల్చుకోవాలని తమరు ఉబలాటపడుతున్నారనీ, ఈలోగా ఎవరో అంతర్జాతీయ చట్టం అనే మాట చెవిన వేసి తమర్ని బెదరగొట్టారనీ విన్నాను. బెదరకండి. చట్టాన్ని ఎదిరించేవాడు అమాయకుడు. గడిచిన వందేళ్లలో గట్టి దేశమేదీ దాన్ని కాదనలేదు. అందరూ నెత్తిన పెట్టుకుని ఊరేగించినవాళ్లే. బాంబు వేసిన ప్రతివాడూ ఫలానా అధికరణం ప్రకారమే వేశానన్నాడు. తమరూ ఆ దారినే పోవచ్చు. దారిలో గతుకులున్నాయి. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎలా తప్పుకోవాలో చెప్పడానికే ఈ నాలుగు కాగితాలు.

ముందు పేరు సంగతి. తమరు చేయబోయేది ఏదైనా కావచ్చు గానీ యుద్ధం మాత్రం కాకూడదు. 1928లో పారిస్‌లో 15 దేశాల ప్రతినిధులు కూర్చుని, దేశ విధానంగా యుద్ధాన్ని వదులుకుంటున్నామని సంతకాలు పెట్టారు. బ్రిటిష్ వాళ్ల చేతికింద ఉన్న ఇండియా పేరు మీద కూడా అందులో ఒక సంతకం ఉంది. యుద్ధం చేయాలా వద్దా అన్నది ఏనాడూ తన చేతుల్లో లేని దేశం కూడా దాన్ని త్యాగం చేసిందన్నమాట. ఆ తర్వాత యుద్ధాలేమీ తగ్గలేదు. ప్రకటించి చేయడం తగ్గింది. 1931లో మంచూరియాను ఆక్రమించిన జపాన్ దాన్ని ‘ఘటన’ అంది. 1950లో కొరియాకు సైన్యాన్ని పంపిన ట్రూమన్‌ని విలేకరులు, దీన్ని పోలీసు చర్య అనొచ్చా అని అడిగితే, నిక్షేపంగా అనొచ్చన్నాడు. ఆ పోలీసు చర్యలో పోయిన అమెరికన్ సైనికులు 36 వేలకు పైమాటే.

ఈ విద్య తెలంగాణ పెద్దవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1948 సెప్టెంబరు 13న ట్యాంకులతో సహా భారత సైన్యం నిజాం సరిహద్దు దాటితే దాన్ని ఈనాటికీ పోలీసు యాక్షన్ అనే అంటాం. అందులో పేరుకన్నా తమరు నేర్చుకోవాల్సింది వేగం. హైదరాబాద్ అప్పటికే భద్రతామండలి తలుపు తట్టి ఉంది. మండలి పారిస్‌లో సమావేశమై ఆ ఫిర్యాదును ఎజెండాలోకి తీసుకుంది సెప్టెంబరు 16న. మర్నాడు నిజాం లొంగిపోయాడు. వారం తిరక్కముందే ఫిర్యాదు వెనక్కు తీసుకుంటున్నానని కబురు కూడా పంపాడు. ఇక విచారించడానికి వాదేడీ?

ఢిల్లీవాళ్ల పదసంపదను అసలు తక్కువ అంచనా వేయకండి. 1987లో శ్రీలంకకు వెళ్లిన దళం పేరు శాంతి పరిరక్షక దళం. వెయ్యిమందికి పైగా జవాన్లు అక్కడ ప్రాణాలిచ్చారు. 2019లో బాలాకోట్ మీద యుద్ధవిమానాలు బాంబులు వేసి వచ్చాక విదేశాంగ కార్యదర్శి దాన్ని ‘సైనికేతర ముందస్తు చర్య’ అన్నారు. వైమానిక దళం చేసిన సైనికేతర చర్య! నేను ఆ వాక్యాన్ని పటం కట్టించుకుని గోడకు తగిలించుకున్నాను.

అయితే ఈ విషయంలో అందరికన్నా నాలుగాకులు ఎక్కువ చదివింది రష్యా. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌లో మొదలైనది ‘ప్రత్యేక సైనిక చర్య’. సైన్యం గురించి ‘తప్పుడు సమాచారం’ చెప్పినవాళ్లకు 15 ఏళ్ల దాకా జైలు వేయొచ్చని మార్చిలో చట్టం తెచ్చారు. పిల్లలకు బొమ్మల పోటీ పెట్టాలా వద్దా అన్న చర్చలో, పక్కన యుద్ధం జరుగుతుంటే పోటీ ఏమిటన్నందుకు మాస్కోలో ఒక స్థానిక కౌన్సిలర్‌కి 7 ఏళ్లు పడింది. అదే ఏడాది డిసెంబరులో అధ్యక్షుడు పుతిన్ విలేకరుల ముందు ఆ మాటే అన్నాడు. ఆయనకేమీ పడలేదు. కాబట్టి ఈ నియమం కింది ఉద్యోగులకు మాత్రమే అని తమరు ఫైలులో రాసిపెట్టుకోవాలి.

ఇక్కడే మొదటి గతుకు. 1949 ఆగస్టు 12న జెనీవాలో నాలుగు ఒప్పందాలు రాసినవాళ్లు మనలాంటివాళ్లను ముందే చూసినట్టున్నారు. రెండో అధికరణంలో, ప్రకటించిన యుద్ధమైనా మరే సాయుధ ఘర్షణ అయినా, ఒక పక్షం దాన్ని యుద్ధమని ఒప్పుకోకపోయినా, ఈ నియమాలు వర్తిస్తాయని రాసేశారు. అంటే తమరు దానికి జాతర అని పేరు పెట్టినా, గాయపడ్డవాడికి వైద్యం చేయించాల్సిందే, పట్టుబడ్డవాడికి అన్నం పెట్టాల్సిందే. 196 దేశాలు దీనికి ఒప్పుకున్నాయి, అంటే దాదాపు భూమ్మీద ఉన్నవన్నీ. ఇంత అన్యాయమైన వాక్యం ఎలా దాటిపోనిచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దీనికి నా సలహా ఒకటే: ప్రెస్‌మీట్‌లో ఎవరైనా ఈ అధికరణం ఎత్తితే, అమరవీరుల త్యాగాల గురించి మాట్లాడండి.

తర్వాతది ఉత్తరం. బలప్రయోగం కూడదని ఐక్యరాజ్యసమితి చార్టర్ అంటుంది. సాయుధదాడి జరిగితే ఆత్మరక్షణ హక్కు ఉందని అదే చార్టర్ 51వ అధికరణం అంటుంది. కాకపోతే చేసిన పనిని వెంటనే భద్రతామండలికి తెలియజేయాలి. కనుక మొదటి విమానం లేవకముందే ఉత్తరం టైపు అయి ఉండాలి. ఇందులో కొత్తగా రాయాల్సిందేమీ ఉండదు. 2020 జనవరిలో ఇరాన్ జనరల్ సులేమానీని అమెరికా బాగ్దాద్‌లో డ్రోన్‌తో చంపింది. బదులుగా ఇరాన్ ఇరాక్‌లోని అమెరికా స్థావరాల మీద క్షిపణులు వేసింది. జనవరి 8 తేదీతో మండలికి రెండు ఉత్తరాలు వెళ్లాయి, ఒకటి అమెరికాది, ఒకటి ఇరాన్‌ది. రెండూ 51వ అధికరణం కిందే. ఇద్దరూ ఆత్మరక్షణ చేసుకుంటున్నవాళ్లే. మధ్యలో ఇరాక్ ఎందుకుందో ఎవరూ అడగలేదు, దాని నేల మీదే ఇదంతా జరిగినా.

దాడి ఇంకా జరగలేదు కదా అని తమరు అనుమానపడవచ్చు. జరగబోతోందని అంటే సరి. కాకపోతే ఇక్కడ ఒక పాత పడవ అడ్డం వస్తుంది. 1837 డిసెంబరులో, కెనడా తిరుగుబాటుదార్లకు సరుకులు చేరవేస్తున్న కరోలిన్ అనే స్టీమరును బ్రిటిష్ వాళ్లు రాత్రివేళ అమెరికా ఒడ్డుకొచ్చి తగలబెట్టి, నయాగరా ప్రవాహంలోకి వదిలేశారు. ఒక అమెరికన్ చనిపోయాడు. ఆత్మరక్షణ కోసమే చేశామన్నారు. దాని మీద 1841లో అమెరికా విదేశాంగమంత్రి డేనియల్ వెబ్‌స్టర్ రాసిన లేఖే ఇవాళ్టికీ అందరూ ఎత్తిచూపే కొలబద్ద. ముప్పు మీదపడి ఉండాలి, మరో మార్గం ఉండకూడదు, ఆలోచించుకునే వ్యవధి కూడా ఉండకూడదు అన్నాడాయన. మూడు నెలలుగా ప్లాను వేసుకుంటున్న తమరికి ఇది ఇబ్బందే. వెబ్‌స్టర్ వారసులు దీనికి విరుగుడు కనిపెట్టారు. 2013లో బయటపడిన అమెరికా న్యాయశాఖ పత్రం ఒకటి, ముప్పు ‘ఆసన్నం’ అనడానికి ఫలానా దాడి త్వరలో జరగబోతోందన్న స్పష్టమైన ఆధారం అక్కర్లేదంది. ఆసన్నమంటే ఎప్పుడో ఒకప్పుడు. ఈ లెక్కన పుట్టిన ప్రతివాడికీ చావు ఆసన్నమే, వాడి శత్రువుకు ఆత్మరక్షణ హక్కు ఉన్నట్టే.

మండలి ఏమైనా అంటుందేమోనన్న బెంగ వద్దు. వీటో ఉన్నవాడితో చుట్టరికం కలుపుకోండి చాలు. 2022 ఫిబ్రవరిలో భద్రతామండలి అధ్యక్షస్థానం వంతు ఎవరిదో తెలుసా? రష్యాదే. యుద్ధం నివారించాలని సభ్యులు రాత్రిపూట ప్రసంగాలు చేస్తుండగా, యుద్ధం మొదలుపెట్టిన దేశపు రాయబారి అధ్యక్ష హోదాలో ఒక్కొక్కరికీ మైకు ఇచ్చాడు. రెండు రోజుల తర్వాత ఖండన తీర్మానానికి అనుకూలంగా 11 ఓట్లు, వ్యతిరేకంగా ఒకే ఒక్కటి. ఆ ఒక్కటి చాలింది. ఓటు వేయకుండా కూర్చున్న ముగ్గురిలో ఇండియా ఒకటి. అంతకుముందు 1986లో నికరాగువా కేసులో అమెరికాది తప్పని హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చింది. అప్పుడు ఆ కోర్టు అధ్యక్షుడు మన నగేంద్ర సింగ్. తీర్పు అమలు చేయించమని నికరాగువా మండలికి వెళితే అమెరికా వీటో వేసింది. అక్కడ ప్రభుత్వం మారాక, 1991లో నికరాగువాయే కేసు వదులుకుంది. ఓపిక పట్టగలిగితే చట్టం అందరికీ అనుకూలమే.

ఇక అసలు పని, అంటే బాంబులు. ఇక్కడ తమరికి కావలసింది విశేషణాలు. పౌరులను గురిపెట్టకూడదు, అది గట్టి నిషేధం. కానీ సైనిక లక్ష్యాన్ని కొడుతుండగా పక్కన పౌరులు పోతే, ఆ నష్టం ఆశించిన సైనిక ప్రయోజనంతో పోలిస్తే ‘మితిమీరి’ ఉండకూడదని 1977 అదనపు ప్రోటోకాల్ అంటుంది. ఎంతైతే మితిమీరినట్టో ఎక్కడా అంకె లేదు. కిరాణా కొట్లో త్రాసుకైనా తూనికలశాఖ ముద్ర ఉంటుంది, దీనికి అదీ లేదు. పైగా ఒక పళ్లెంలో మనుషులు, రెండో పళ్లెంలో ‘ప్రయోజనం’, తూచేది దాడి చేసేవాడే. జాగ్రత్తలు కూడా ‘సాధ్యమైనంత’ తీసుకుంటే చాలు. ఇండియా, అమెరికా, ఇజ్రాయెల్ అసలు ఈ ప్రోటోకాల్‌లో చేరనే లేదు. ఈ నియమం మాత్రం ఆచారంగా అందరికీ వర్తిస్తుందని న్యాయకోవిదులంటారు. కోవిదులు అనడం, తమరు తలూపడం. అంతే.

ఆ పళ్లెంలో మనుషుల బరువు తగ్గించే ఉపాయం 2012లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. దాడి ప్రాంతంలో చనిపోయిన, పోరాడే వయసున్న మగవాళ్లందరినీ ఒబామా ప్రభుత్వం యోధులుగానే లెక్కవేసేదట, కాదని తర్వాత రుజువైతే తప్ప. శవం లేచి వచ్చి తాను కూరగాయలు అమ్మేవాణ్నని నిరూపించుకోవాలి. గణాంకాలు ఎంత శుభ్రంగా వస్తాయో చూడండి.

ఆస్పత్రుల విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్త అవసరం. జెనీవావాళ్లకు ఆస్పత్రులంటే పిచ్చి. 1859లో సోల్ఫెరినో యుద్ధభూమిలో అరుస్తూ పడి ఉన్న క్షతగాత్రులను హెన్రీ డ్యునాంట్ అనే స్విస్ వ్యాపారి చూడటంతోనే ఈ బెడద మొదలైంది. అతను వేరే దారిలో వెళ్లి ఉంటే మనకింత తలనొప్పి ఉండేది కాదు. 2015 అక్టోబరు 3న, అఫ్గానిస్తాన్‌లోని కుందుజ్‌లో, డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ నడిపే ఆస్పత్రి మీద అమెరికా ఏసీ-130 విమానం కాల్పులు కురిపించింది. 42 మంది చనిపోయారు. అందులో 24 మంది పేషెంట్లు, 14 మంది సిబ్బంది. భవనం ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా ఆ సంస్థ ముందే సైన్యానికి ఇచ్చింది, నాలుగు రోజుల ముందు మరోసారి కూడా. సంజాయిషీ ఎలా చెప్పాలో ఇక్కడ నేర్చుకోవాలి. మొదట, మా సైనికులకు ముప్పు వచ్చింది. తర్వాత, అఫ్గాన్ సైన్యం అడిగింది. ఆ తర్వాత, వేరే భవనం అనుకున్నాం. చివరికి 2016 నివేదిక: మానవ తప్పిదాలు, యంత్ర లోపాలు, కావాలని చేసింది కాదు గనుక యుద్ధనేరం కాదు. 16 మందిపై శాఖాపరమైన చర్యలు. క్రిమినల్ కేసు ఒక్కటీ లేదు.

ఆ సంస్థ ఊరుకోలేదు. ఇలాంటివి విచారించడానికే ప్రోటోకాల్ కింద 1991లో ఏర్పడిన నిజనిర్ధారణ సంఘం ఒకటి ఉందని, దాన్ని పంపమని కోరింది. అప్పటికి పాతికేళ్లుగా ఒక్క విచారణా చేయని సంఘం అది. ఎందుకంటే విచారణకు గురయ్యేవాడు ఒప్పుకోవాలి. అమెరికా, అఫ్గాన్ ప్రభుత్వాలు ఒప్పుకోలేదు. ఇంత మర్యాదస్తుల సంఘం ప్రపంచంలో ఇంకోటి ఉండదు. తమరి దేశం తరఫున ప్రతి నూతన సంవత్సరానికీ వాళ్లకొక గ్రీటింగ్ కార్డు పంపండి.

పొరపాటు బయటపడితే ఏం మాట్లాడాలన్నదానికి ధర్మరాజు ద్రోణుడికి చెప్పిన పద్ధతే ఇప్పటికీ శ్రేష్ఠం: మొదటి ముక్క గట్టిగా, రెండో ముక్క గొంతులో. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో అమెరికా డ్రోన్ ఒక తెల్ల కారును పేల్చింది. ధర్మబద్ధమైన దాడి అని సేనాధిపతి గట్టిగా చెప్పారు. విలేకరులు వీడియోలు వెతికి, ఊళ్లో వాళ్లను అడిగి, కారులో ఎక్కించినవి నీళ్ల డబ్బాలని తేల్చారు. చనిపోయిన 10 మందీ పౌరులు, అందులో ఏడుగురు పిల్లలు. ఆ రెండో ముక్క సెప్టెంబరు 17న, ఒక శుక్రవారం, చెప్పారు. డిసెంబరులో ఎవరికీ శిక్ష అక్కర్లేదని కూడా తేల్చారు. అక్కడ దొర్లిన లోపమల్లా ఆ కారు ఇళ్ల మధ్య ఉండటం, చుట్టుపక్కల కెమెరాలుండటం.

ఆయుధాలు కొనేటప్పుడు నిర్వచనాలు చదవండి. తెల్ల ఫాస్ఫరస్ మంటపెట్టే ఆయుధమైతే దాని మీద ఆంక్షలున్నాయి. పొగ కోసం తయారైందైతే ఆ జాబితాలోకి రాదు. కనుక మనం పొగ కోసం వేశాం, నిప్పు దానంతటదే వచ్చింది. క్లస్టర్ బాంబులు, మందుపాతరల ఒప్పందాల జోలికి పోకండి. ఇండియా, పాకిస్తాన్, చైనా, రష్యా, అమెరికా రెంటికీ దూరంగానే ఉన్నాయి. శత్రువులంతా ఒక మాట మీద ఉన్నప్పుడు మనం విడిపోవడం బాగుండదు. కోల్‌కతా విమానాశ్రయంలో దిగితే డమ్‌డమ్ అనే పేరుకొక నమస్కారం పెట్టండి. ఒంట్లోకి దిగాక విచ్చుకునే తూటాలకు ఆ పేరు అక్కడి ఆయుధ కర్మాగారం వల్లే వచ్చింది. 1899 హేగ్ సభలో వాటిని నిషేధిస్తుంటే బ్రిటన్ అడ్డుపడింది. నాగరికులకైతే మామూలు తూటా చాలునట, ‘అనాగరికులు’ దెబ్బతిన్నాక కూడా ముందుకొస్తారట, వాళ్లకు ఇదే కావాలట. అదే సభలో బెలూన్ల నుంచి బాంబులు వేయడాన్ని కూడా నిషేధించారు, అయిదేళ్లపాటు. అయిదేళ్లే ఎందుకని అడిగితే, ఈలోగా సాంకేతికత మెరుగుపడి గురి కుదురుతుందేమోనని.

ఆ ఆశ ఇప్పుడు కృత్రిమ మేధ మీదికి మళ్లింది. మనిషి ప్రమేయం లేకుండా లక్ష్యాన్ని ఎంచుకునే ఆయుధాల గురించి జెనీవాలో 2014 నుంచీ మాట్లాడుతూనే ఉన్నారు. అందరూ ఒప్పుకుంటే తప్ప ఏదీ ఖరారు కాని సభ అది. తమరి ప్రతినిధిని పంపి, ‘స్వయంచాలకం అంటే ఏమిటో ముందు నిర్వచిద్దాం’ అని ప్రతి ఏటా అడిగించండి. ఈలోగా కాల్చింది కంప్యూటరే అనండి. దాన్ని రణరంగంలోకి వదిలిన మనిషే జవాబుదారీ అని చట్టం తెలిసినవాళ్లు గొణుగుతారు. ఆ మనిషిని వెతకనివ్వండి, దొరికినప్పుడు చూద్దాం.

మన సైనికులను పంపుతూ, వాళ్లు మనవాళ్లు కాదనడం మరో పద్ధతి. 2014లో క్రిమియాలో భుజాన గుర్తుల్లేని పచ్చ యూనిఫారాలవాళ్లు దిగితే, అలాంటి బట్టలు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయన్నాడు పుతిన్. నెలన్నర తిరక్కముందే మావాళ్లేనని ఒప్పుకున్నాడు. రక్షణశాఖ పతకాలు కూడా పంచింది. ఇందులో చిక్కేమిటంటే, గుర్తు లేకుండా పట్టుబడ్డవాడికి యుద్ధఖైదీ హోదా దక్కకపోవచ్చు. ఆ సంగతి కుర్రాళ్లకు చెప్పకండి, బస్సెక్కరు.

మన చేతికి చిక్కినవాళ్ల విషయానికొస్తే, ఖైదీని జనం కుతూహలానికి, అవమానాలకు గురిచేయకూడదని మూడో జెనీవా ఒప్పందం అంటుంది. ఇది ఎదుటివాడు చేసినప్పుడు బాగా గుర్తొచ్చే నియమం. 2003లో ఇరాక్ టీవీలో తమ సైనికుల్ని చూసి అమెరికా ఈ నియమం చదివి వినిపించింది. ఏడాది తిరిగేసరికి అబూ గ్రైబ్ జైలు ఫొటోలు వచ్చాయి. 2019లో పాకిస్తాన్‌కు చిక్కిన పైలట్ అభినందన్ వీడియో వచ్చినప్పుడు ఇండియా ఇదే ఎత్తిచూపింది, రెండు రోజుల్లో ఆయన వాఘా దగ్గర నడిచి వచ్చారు. ఒక్కోసారి ఇది పనిచేస్తుందని ఒప్పుకోవాలి, నా వృత్తికి నష్టమైనా. ఖైదీ అనకుండా కొత్త పేరు పెట్టే ప్రయత్నం ఇదివరకే జరిగింది. గ్వాంటనామోకు తెచ్చిన సుమారు 780 మందిని ‘చట్టవిరుద్ధ శత్రుయోధులు’ అన్నారు, జెనీవా వర్తించదన్నారు. 2006లో అమెరికా సుప్రీంకోర్టే, బిన్ లాడెన్ దగ్గర డ్రైవరుగా చేసిన హమ్దాన్ కేసులో, ఒప్పందాలన్నిటికీ ఉమ్మడి అయిన మూడో అధికరణం వర్తిస్తుందని చెప్పింది. మళ్లీ ఆ జెనీవావాళ్లే. ఎక్కడ తిరిగినా ఆ కాగితమే కాళ్లకు చుట్టుకుంటుంది.

చివరగా తమరి ప్రయాణాల గురించి. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో 120కి పైగా దేశాలున్నాయి. ఇండియా, అమెరికా, రష్యా, చైనా, ఇజ్రాయెల్ లేవు. ఈ కోర్టు తమవాళ్లను పట్టుకుంటే బలం వాడైనా విడిపించుకోవచ్చని అమెరికా 2002లో చట్టమే చేసుకుంది. 2023 మార్చిలో పుతిన్ మీద వారంటు వచ్చాక, ఆ ఆగస్టులో జోహానెస్‌బర్గ్ బ్రిక్స్ సభకు ఆయన వీడియోలోనే వెళ్లాడు. మరుసటి ఏడాది మంగోలియాకు మాత్రం దర్జాగా వెళ్లాడు. సభ్యదేశమే అయినా అరెస్టు చేయలేదు. 2024 నవంబరులో నెతన్యాహూ మీద వారంటు వచ్చింది. 2025లో ఆయన్ని ఎర్ర తివాచీతో ఆహ్వానించిన హంగరీ, కోర్టు నుంచే తప్పుకుంటానంది. కాబట్టి టికెట్లు కొనేముందు మ్యాపు చూసుకోండి.

మ్యాపు చూసుకున్నా కొన్నిచోట్ల కుదరదు. సిరియా ఆ కోర్టులో సభ్యురాలు కాదు, కేసును అక్కడికి పంపాలన్న తీర్మానాన్ని 2014లో రష్యా, చైనా వీటో చేశాయి. అయినా డమాస్కస్‌లో చిత్రహింసల జైలు నడిపిన ఒక కల్నల్‌కు 2022లో జర్మనీలోని కోబ్లెంజ్ కోర్టు జీవితఖైదు వేసింది. ఆయన శరణార్థిగా బెర్లిన్ చేరి, నన్నెవరో వెంటాడుతున్నారని తనే పోలీసుల దగ్గరికెళ్లి, తన ఉద్యోగ చరిత్ర చెప్పుకున్నాడు. తమరు విదేశాల్లో పోలీస్‌స్టేషన్ మెట్లెక్కకండి, పర్సు పోయినా సరే.

అంతకన్నా, ఇప్పటినుంచే ఇంకో వృత్తి నేర్చుకోవడం మేలు. 1995లో స్రెబ్రెనిట్సాలో సుమారు 8 వేల మంది మగవాళ్లను, పిల్లలను చంపించిన కేసులో నిందితుడైన బోస్నియా సెర్బు నాయకుడు కరాజిచ్ పన్నెండేళ్ల పాటు దొరకలేదు. బెల్‌గ్రేడ్‌లో పేరు మార్చుకుని, తెల్లగడ్డం పెంచి, నెత్తిన జుట్టు ముడేసి, ప్రత్యామ్నాయ వైద్యుడిగా ప్రాక్టీసు పెట్టాడు. ఉపన్యాసాలిచ్చాడు. ఒక ఆరోగ్య పత్రికలో చిట్కాలు కూడా రాశాడు. 2008 జులైలో సిటీ బస్సులో పట్టుకున్నారు. 40 ఏళ్ల శిక్షను 2019లో జీవితఖైదుగా పెంచారు. ఆయన కారు వాడాల్సింది. తమరు మాత్రం గడ్డం ఈ వారమే మొదలుపెట్టండి, ఆ పొడవు రావడానికి టైము పడుతుంది. నా ఫీజు మొత్తం ముందుగానే పంపించేయండి.